మోదుగ పసుపు, కరక్కాయ నలుపు: నూలు గుడ్డకు ఇంట్లోనే రంగు వేయడం ఎలా

కాముని పున్నమికి, అంటే హోలీకి, వారం ముందు నల్గొండ నుంచి దేవరకొండ రోడ్డు మీద పోతుంటే గుట్టల మీద అక్కడక్కడా మంట లేచినట్టు కనబడుతుంది. అవి మోదుగులు. చెట్టుకు ఆకు ఒక్కటి ఉండదు, కొమ్మ నిండా పూలే. చిన్నప్పుడు జాజిరి ఆడబోయే ముందు రాత్రి ఈ పూలు బకెట్లో నానబెట్టేవాళ్లం. పొద్దున్నే ఆ నీళ్లు ఒకరి మీద ఒకరం పోసుకుంటే తెల్ల బనియన్లు పసుపుపచ్చగా అయ్యేవి. రెండు ఉతుకులు పడగానే ఎప్పటిలాగే తెల్లబడేవి.

రెండు ఉతుకులకు పోయే ఆ పసుపును గుడ్డ మీద నిలబెట్టడం ఎలాగో చెప్తాను. దాంతోపాటు కరక్కాయ, తుప్పు ఇనుము కలిపి నలుపు తెప్పించడం కూడా. రెండింటికీ కావలసినవన్నీ మన జిల్లాలో దొరికేవే. ఒక మాట ముందే చెప్పాలి. రంగులో ముంచడం గంట పని. దానికి ముందు గుడ్డను తయారు చేయడం మూడు రోజుల పని. ఎవరి గుడ్డ వెలిసినా ఆ మూడు రోజుల్లో ఎక్కడో తొందరపడి ఉంటారు. నా మొదటి మూడు చున్నీలూ అట్లనే పోయాయి.

కొలతలన్నీ 250 గ్రాముల గుడ్డకు ఇస్తున్నాను. పల్చటి నూలు చున్నీ ఒకటి ఇంచుమించు అంత తూగుతుంది. మీ గుడ్డ ఎంత ఉంటే ఆ లెక్కన పెంచుకోండి, తగ్గించుకోండి. పొడిగా ఉన్నప్పుడే తూయాలి.

- కోరా (రంగు, బ్లీచింగ్ పడని) నూలు గుడ్డ: 250 గ్రాములు
- బట్టల సోడా: 20 గ్రాములు (వంట సోడా కాదు)
- కరక్కాయ పొడి: 50 గ్రాములు
- పటిక: 40 గ్రాములు
- ఎండిన మోదుగ పూలు: 250 గ్రాములు, పచ్చివైతే కిలో
- తుప్పు పట్టిన ఇనుము: కిలో
- బెల్లం: పావు కిలో
- 15 లీటర్లు పట్టే స్టీలు బగోనె, పాత మట్టి కుండ, రెండు ప్లాస్టిక్ బకెట్లు, కర్ర గరిటె, చేతికి రబ్బరు గ్లౌజులు

బగోనె స్టీలుదే కావాలి. అల్యూమినియం గంజు సోడాకు తినుకుపోతుంది. ఇనుప కడాయిలో మోదుగ పసుపు కాస్తే బురద రంగు వస్తుంది. ఒకసారి రంగుకు వాడిన గిన్నెలో మళ్లీ వంట చేయొద్దు. మా ఇంట్లో దాని చెవికి ఎర్ర దారం కట్టి పెట్టాను, ఎవరూ పొరపాటున పాలు కాయకుండా.

గుడ్డ కొనేటప్పుడు

దుకాణంలో "ప్యూర్ కాటన్" అన్నంత మాత్రాన నమ్మొద్దు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కలిసి ఉంటే కొస దగ్గర కరిగి గట్టి పూస కడుతుంది. చెట్ల రంగు పాలిస్టర్‌ను అంటుకోదు. సగం సగం కలిసిన గుడ్డ అయితే రంగు పడ్డ పోగులు, పడని పోగులు కలిసి వెలిసిన గుడ్డలాగే కనబడుతుంది.

పోచంపల్లి, కొయ్యలగూడెం వైపు మగ్గం గుడ్డ కోరాలో దొరికితే అంతకన్నా మంచిది లేదు. కొత్తగా చేసేవాళ్లు మాత్రం మంచి గుడ్డతో మొదలుపెట్టకండి. పాత దోతి చింపి దస్తీలంత ముక్కలు చేసుకుని వాటి మీద చేయి తిప్పుకోండి. పాత దోతికి ఇంకో లాభం ఉంది. వందసార్లు ఉతికి ఉంటుంది కాబట్టి గంజి, జిడ్డు ముందే పోయి ఉంటాయి.

ముందు కుండ పెట్టండి

నలుపు కావాలనుకుంటే మిగతా అన్నిటికన్నా ముందు ఇనుప నీళ్లు మొదలుపెట్టాలి. అవి ఊరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. నేనొక లెక్క పెట్టుకున్నాను. శివరాత్రి నాడు కుండ పెడితే కాముని పున్నమికి, అంటే మోదుగ పూలు చేతికొచ్చే వేళకు, నీళ్లు తయారవుతాయి.

పాత సామాను కొట్టులోనో కమ్మరి కొలిమి దగ్గరో తుప్పు పట్టిన మేకులు, ఎడ్ల నాడాలు, గొలుసు ముక్కలు కిలో తెచ్చుకోండి. తెల్లగా మెరిసే జింకు పూత మేకులు వద్దు, స్టీలు అసలే వద్దు. నూనె, గ్రీజు ఉంటే సబ్బుతో కడగండి, తుప్పును మాత్రం గీకకండి. కుండలో వేసి, పావు కిలో బెల్లం కరిగించిన 5 లీటర్ల నీళ్లు పోసి, మూతికి గుడ్డ కట్టి, ఎండ తగలని మూలన పెట్టండి. రోజుకొకసారి కర్రతో తిప్పండి.

మూడో రోజుకు నురుగు వస్తుంది. వారానికి పులిసిన కల్లు వాసన, ఆ తర్వాత ఘాటుగా పుల్లటి వాసన. బెల్లం పులిసి పుల్లబడే కొద్దీ ఆ పులుపు ఇనుమును కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. మూతి గట్టిగా బిగించకండి, లోపల గాలి పుడుతుంది. మొదటిసారి కుండ లేక నేను ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత బిగించాను. ఐదో రోజు మధ్యాహ్నం టప్పుమని మూత ఎగిరి దాబా గోడ మీద పడింది. ఆ గోడ మీద మరక ఇంకా ఉంది, రెండుసార్లు సున్నం వేసినా పైకి తేలుతూనే ఉంది.

నీళ్లు తయారయ్యాయో లేదో చూడటం తేలిక. పాలు పోయని చాయ్ డికాక్షన్ ఒక చెంచా గిన్నెలో తీసుకుని అందులో కుండ నీళ్లు నాలుగు చుక్కలు వేయండి. సిరాలాగా నల్లబడితే తయారైనట్టే. చాయ్ ఆకులోని వగరు, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. వెనకటికి కరక్కాయ, అన్నభేది అనే ఇనుప ఉప్పు కలిపి సిరా కాచుకున్నదీ ఈ లెక్కనే.

నీళ్ల సంగతి

ఏ పుస్తకంలో చూసినా "శుభ్రమైన నీళ్లు తీసుకోండి" అని రాసి ఊరుకుంటారు. నల్గొండలో అట్లా ఊరుకుంటే నడవదు. మా అత్తగారి ఊరు మర్రిగూడ దిక్కు. అక్కడి బోరు నీళ్లతో, ఇక్కడ పట్టి పెట్టుకున్న వాన నీళ్లతో ఒకే రోజు, ఒకే పూలతో రెండు దస్తీలు ముంచాను. వాన నీళ్ల దస్తీ నిమ్మపండు రంగులో వచ్చింది. బోరు నీళ్లది నారింజ వైపు తిరిగింది. పక్కపక్కన ఆరేస్తే ఒకే పూల రంగంటే ఎవరూ నమ్మలేదు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మోదుగ రంగు సున్నానికి, సోడాకు ఎరుపెక్కుతుంది, పులుపుకు పసుపుపచ్చగా అవుతుంది. కావాలంటే పూల రసం రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో పాన్ సున్నం చిటికెడు కలపండి, ఇంకోదాంట్లో నిమ్మరసం పిండండి. సున్నం పడ్డది క్షణంలో ఎర్రటి నారింజ అవుతుంది. మన బోరు నీళ్లలో చాలాచోట్ల సోడా గుణం ఉంటుంది, ఫ్లోరైడ్ ఒక్కటే కాదు. నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టినా, సబ్బు నురగ రాకపోయినా ఆ నీళ్లు పసుపుకు పనికిరావని అర్థం.

మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తుంటే అవి వాడుకోండి, బోరు కన్నా చాలా నయం. వానాకాలంలో దాబా మీది నీళ్లు రెండు డ్రమ్ములు పట్టి పెట్టుకోగలిగితే ఇంకా మంచిది. ఏదీ లేకపోతే బోరు నీళ్లే వాడండి, వచ్చిన నారింజనే మీ రంగు అనుకోండి. కొందరికి అదే నచ్చుతుంది.

పటిక మన జిల్లాకు కొత్త కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి తేరనిస్తారు. పటిక నీళ్లలో దూదిలాంటి మడ్డిగా మారి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. గుడ్డ విషయంలోనూ పటికది పట్టుకునే పనే. ఇక్కడ అది పోగును ఒకవైపు, పూల రంగును ఒకవైపు పట్టుకుంటుంది.

మొదటి రోజు: ఉడకబెట్టడం

కొత్త గుడ్డ కంటికి ఎంత శుభ్రంగా ఉన్నా లోపల గంజి, పత్తి మైనం, మగ్గం నూనె ఉంటాయి. 10 లీటర్ల నీళ్లలో 15 గ్రాముల బట్టల సోడా, కొంచెం సబ్బు తురుము వేసి గుడ్డను గంటసేపు ఉడికించండి. మధ్యమధ్య కర్రతో తిప్పండి. మొదటిసారి నేనిది చేస్తుంటే మా అత్తమ్మ వంటింట్లోకి తొంగి చూసి, "ఏంది బిడ్డా, గుడ్డ ఉడకబెడ్తున్నవ్? రాత్రికి ఇదేనా కూర?" అన్నది. అరగంట తర్వాత ఆమెనే పిలిచి చూపించాను. తెల్లటి గుడ్డ నుంచి చాయ్ రంగు నీళ్లు దిగాయి. "ఇంత మురికి కట్టుకుంటమా మనం" అని అప్పటి నుంచి కొత్త చీర ఏది కొన్నా ఒకసారి ముంచి తీయకుండా కట్టదు.

నీళ్లు బాగా రంగు తేలితే పారబోసి ఇంకోసారి ఉడికించండి. తర్వాత మూడు నాలుగు నీళ్లలో జాడించి ఆరేయండి. ఆరాక గుడ్డ మీద ఒక నీటి చుక్క వేయండి. చుక్క పూసలా నిలబడితే జిడ్డు ఇంకా ఉన్నట్టు. పడీపడగానే ఇంకిపోతే పని అయినట్టు. ఇది చూడకుండా ముందుకు పోవద్దు. మచ్చలు మచ్చలుగా రంగు పట్టిన గుడ్డల్లో చాలావరకు ఇక్కడ తప్పినవే.

రెండో రోజు: కరక్కాయ

పట్టు, ఉన్ని పటికను తేలిగ్గా పట్టుకుంటాయి. నూలు పట్టుకోదు. అందుకని నూలుకు ముందు వగరు పట్టించాలి, ఆ వగరు పటికను పట్టుకుంటుంది. కరక్కాయలో ఆ వగరు దండిగా ఉంటుంది. తంగేడు చెక్కలోనూ ఉంటుంది, వెనకట తోళ్లు పదును చేయడానికి వాడింది అదే. కానీ చెక్క కోసం బతుకమ్మ పువ్వు పూసే చెట్టును గీకడం నాకు ఇష్టం లేదు. కరక్కాయ కాయ కాబట్టి చెట్టుకు నష్టం లేదు.

మూలికల కొట్టులో పొడి దొరుకుతుంది. కాయలు కొని రోట్లో దంచి, గింజ తీసేసి పొడి చేసుకుంటే ఇంకా బాగుంటుంది. 50 గ్రాముల పొడిని గిన్నెడు వేడి నీళ్లలో ముద్దలు లేకుండా కలిపి, ఇంకో 5 లీటర్ల నీళ్లు పోసి, పల్చటి గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే పొడి రేణువులు అంటుకున్న చోటల్లా చుక్కలు పడతాయి. తడిపిన గుడ్డను అందులో పూర్తిగా మునిగేట్టు వేసి రాత్రంతా ఉంచండి. పడుకునే ముందు ఒకసారి మడతలు విప్పి తిప్పండి.

పొద్దున తీసి గట్టిగా పిండండి. జాడించొద్దు. నీడలో పరిచి ఆరబెట్టండి. పాత న్యూస్ పేపర్ రంగులో, కొంచెం మేక పాల వాసనతో ఉంటుంది. ఈ దశలో ఇనుము తగలకుండా చూసుకోండి. తుప్పు పట్టిన దండెం తీగ మీద ఆరేస్తే ఆ గీత నల్లగా పడి ఇక పోదు.

మీకు నలుపు ఒక్కటే కావాలంటే మూడో రోజు, నాలుగో రోజు వదిలేసి నేరుగా ఇనుప నీళ్ల దగ్గరికి పోవచ్చు.

మూడో రోజు: పటిక

40 గ్రాముల పటికను నలగ్గొట్టి వేడి నీళ్లలో కరిగించండి. 5 గ్రాముల బట్టల సోడాను విడిగా గ్లాసు నీళ్లలో కరిగించి, పటిక నీళ్లలో కొద్దికొద్దిగా పోయండి. బుసబుసమని పొంగుతుంది, అందుకే కొద్దికొద్దిగా అన్నాను. పొంగు ఆగాక మొత్తం 6 లీటర్ల వెచ్చటి నీళ్లు చేసి, తడిపిన గుడ్డ వేయండి. చేయి పెట్టలేనంత వేడి చాలు, మరగకూడదు. గంటసేపు తిప్పుతూ ఉండి, పొయ్యి ఆర్పి, రాత్రంతా అందులోనే ఉంచండి. పొద్దున ఒకే ఒక్కసారి నీళ్లలో ముంచి తీయండి.

పటిక ఎక్కువేస్తే రంగు ఎక్కువ పట్టదు. గుడ్డ జిగటగా, గరుకుగా తయారవుతుంది, అంతే.

నాలుగో రోజు: మోదుగ

పూలు రాలినవి ఏరుకోండి, కొమ్మ విరవకండి. చెట్టు కింద పొద్దున్నే ఒక దుప్పటి పరిస్తే సాయంత్రానికి సంచి నిండుతుంది. నీడలో ఆరబెట్టి గోనె సంచిలో పెట్టుకుంటే ఏడాది పొడుగునా వాడుకోవచ్చు. బూజు పట్టినవి, నల్లబడినవి ఏరేయాలి. అవి గోధుమ రంగు తెస్తాయి.

250 గ్రాముల ఎండు పూలను ముందు రాత్రి 8 లీటర్ల నీళ్లలో నానబెట్టండి. పొద్దున పొయ్యి మీద పెట్టి, సన్నటి సెగ మీద ముప్పావు గంట. కుతకుత ఉడకనివ్వొద్దు, అంచుల్లో సన్నటి బుడగలు వస్తే చాలు. గట్టిగా మరిగిస్తే పసుపు మందగిస్తుంది. వడకట్టి, పిప్పిని కూడా చేత్తో పిండేయండి, చిక్కటి రంగు అందులోనే ఉంటుంది.

గోరువెచ్చగా అయ్యాక తడి గుడ్డ వేసి మళ్లీ సెగ పెట్టండి. ఇక్కడ ఫోన్ చూస్తూ కూర్చోకండి. మొదటి పది నిమిషాల్లో పడే రంగే గుడ్డంతా సమానంగా పడాలి. ఆ పది నిమిషాలు కర్రతో ఎత్తుతూ, మడతలు మారుస్తూ ఉండండి. తర్వాత అప్పుడప్పుడు తిప్పితే చాలు. ముప్పావు గంటకు దించి, అందులోనే చల్లారనివ్వండి. వీలైతే తెల్లారేదాకా.

నీడలో ఆరేశాక ఒక రోజు ఆగి ఉతకండి. తీసిన వెంటనే ఉతికితే వదులుగా అంటుకున్నదంతా పోయి బెంగపడతారు. ఆరిన గుడ్డకు రంగు కాస్త తగ్గినట్టు కనబడటం మామూలే, తడి గుడ్డ ఎప్పుడూ అబద్ధమే చెప్తుంది.

నారింజ కావాలంటే గుప్పెడు సున్నం బకెట్ నీళ్లలో వేసి తేరనిచ్చి, పైన తేటను మాత్రం వంచుకుని, పసుపు గుడ్డను అందులో ఒక నిమిషం ముంచి జాడించండి. రంగు మారడం చూడటానికి ఇంట్లో పిల్లలు చుట్టూ చేరతారు. సున్నం నీళ్లు కళ్లలో పడకుండా కాస్త దూరంగా నిలబెట్టండి.

నలుపు ముంచడం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది. కుండలోంచి లీటరు ఇనుప నీళ్లు వడకట్టి, ఇంకో 4 లీటర్ల నీళ్లు కలిపి బకెట్లో పోయండి. గ్లౌజులు వేసుకోండి. కరక్కాయ పట్టించి ఆరబెట్టిన గుడ్డను తడిపి, పిండి, విప్పి, ఒక్కసారిగా లోపలికి దించండి.

నీళ్లు తగిలిన చోటల్లా గుడ్డ తడి బూడిద రంగుకు తిరుగుతుంది. పది లెక్కపెట్టేలోపు వాన మబ్బు రంగు. అక్కడ ఆగినట్టు ఉంటుంది. అరే, ఇది నలుపు కాదే అనిపిస్తుంది. గుడ్డను బయటికి తీసి రెండు చేతులా విప్పి పట్టుకోండి. గాలి తగిలే కొద్దీ మీ కళ్ల ముందే ఇంకా ముదురుతుంది, మడతలో ఉన్న భాగం మాత్రం లేతగానే ఉంటుంది. నీళ్లలో సగం పనే అయింది, మిగతా సగం గాలి చేయాలి.

అందుకని ఎక్కువసేపు ఉంచడం కన్నా ఎక్కువసార్లు ముంచడం మేలు. ఒక నిమిషం ముంచండి, పది నిమిషాలు గాలికి ఆరేయండి, మంచి నీళ్లలో జాడించండి. నలుపు చాలకపోతే గుడ్డను మళ్లీ కరక్కాయ నీళ్లలో అరగంట వేసి, మళ్లీ ఇనుప నీళ్లలో. మూడు విడతలకు బొగ్గులాంటి నలుపు వస్తుంది. ఇనుప నీళ్లు చిక్కగా పోసి రాత్రంతా నానబెడితే త్వరగా నల్లబడుతుంది గానీ ఇనుము నూలును తినేస్తుంది. ఏడాది తిరిగేసరికి గుడ్డ చేతిలో పీలికలవుతుంది. పాత అద్దకం గుడ్డల్లో నల్ల గీతలున్న చోటే చిరుగులు ఎందుకు పడతాయో దీనితో అర్థమవుతుంది. ముంచడం పూర్తయ్యాక బకెట్ నీళ్లలో చిటికెడు బట్టల సోడా వేసి ఒకసారి జాడిస్తే మిగిలిన పులుపు విరుగుతుంది.

పసుపు పడిన గుడ్డను బాగా పల్చటి ఇనుప నీళ్లలో, బకెట్‌కు చిన్న గ్లాసుడు చొప్పున, అర నిమిషం ముంచితే గోరింటాకు ఆకుపచ్చ వస్తుంది. రెండు చున్నీలు చేస్తుంటే ఒకటి ఇట్లా చేసి చూడండి. శనగ గింజలు గుడ్డలో పెట్టి దారంతో గట్టిగా బిగించి ముంచితే కట్టిన చోట పసుపు మిగులుతుంది, చుట్టూ ఆకుపచ్చ. పోచంపల్లిలో పోగులకు రబ్బరు పట్టీ బిగించి ముంచేదీ ఇదే ఉపాయం. వాళ్లు నేయకముందు పోగు మీదనే లెక్క తప్పకుండా చేస్తారు, మనం నేసిన గుడ్డ మీద శనగ గింజతో సరిపెట్టుకుంటాం.

ఎరుపు గురించి అడిగేవాళ్లకు

చూసినవాళ్లంతా అడిగేది ఎరుపే. ఇంట్లో అది తేలిక కాదని ముందే చెప్తాను. సంస్థాన్ నారాయణపురం మండలం పుట్టపాకలో నేసే తేలియా రుమాలు ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని వాసన చూడండి, నూనె వాసన వస్తుంది. చీరాల నుంచి వచ్చిన విద్య అది. ఆముదం కాయల బూడిద నీళ్లు, నూనె, గొర్రె పెంటికలు కలిపిన దాంట్లో నూలును నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి, రోజుల తరబడి అదే పని. అంత చేశాకనే ఎరుపు. వెనకట చిరివేరు నుంచి తీసిన ఎరుపులో అసలు పదార్థం అలిజారిన్. దాన్ని 1868లో జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబే, లీబర్మాన్ ల్యాబులో తయారు చేశారు, ఇప్పుడు తేలియాకు వాడేది ఆ తయారీ అలిజారినే. రంగు ల్యాబు నుంచి వచ్చినా నూనె, బూడిద మాత్రం తప్పలేదు. 2020లో తేలియాకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది.

సరదాగా ప్రయత్నించాలంటే మూలికల కొట్టులో మంజిష్ఠ వేర్లు దొరుకుతాయి. మూడో రోజు దాకా పైన చెప్పినట్టే చేసి, మోదుగ బదులు మంజిష్ఠ వాడండి. దీనికి మాత్రం వాన నీళ్లు వద్దు, సున్నం ఉన్న నీళ్లలోనే ఎరుపు బాగా విరుస్తుంది. ఇటుక రంగు వస్తుంది, తేలియా ఎరుపు రాదు.

ఏవి వాడొచ్చు, ఏవి వద్దు

మోదుగ కాలం దాటిపోతే దసరా, దీపావళి తోరణాల బంతిపూలు ఎండబెట్టి పెట్టుకోండి. పసుపు మోదుగ కన్నా నిలకడగా ఉంటుంది, నిజం చెప్పాలంటే. దానిమ్మ తొక్కలో వగరు కూడా ఉంది కాబట్టి పని సులువు. ఉల్లి పొట్టు ఏ కూరగాయల మార్కెట్లో అడిగినా ఊరికే ఇస్తారు, రాగి పసుపు వస్తుంది.

పసుపు కొమ్ముతో వేయొద్దు. చూడగానే మెరిసిపోతుంది, వారం ఎండకు మాయమవుతుంది, సబ్బు తగిలితే కుంకుమ రంగుకు తిరుగుతుంది. నా చున్నీ ఒకటి అట్లా పోయిందే. బీట్‌రూట్ ఇంకా అన్యాయం, మొదటి ఉతుకుకే సెలవు.

మోదుగ పసుపు కూడా ఎండకు కొంత తగ్గుతుందని దాచకుండా చెప్పాలి. ఎంత తగ్గుతుందో మీరే చూసుకోండి. రంగు పడిన ముక్క ఒకటి తీసుకుని, సగం మీద అట్ట ముక్క కట్టి, చైత్రం ఎండలో దాబా మీద పది రోజులు పెట్టండి. అట్ట తీసి చూస్తే తేడా గీత గీసినట్టు కనబడుతుంది. నేను ప్రతి రంగుకూ ఇట్లా చేసి, ముక్కలను పాత లెక్కల నోట్‌బుక్‌లో కుట్టి, పక్కన గ్రాములు, నీళ్లు ఎక్కడివి, తేదీ రాసి పెడతాను. అది లేకపోతే బాగా వచ్చిన రంగు మళ్లీ తెప్పించడం ఎవరి తరమూ కాదు.

ఉతకడానికి కుంకుడుకాయ రసం. సబ్బు పొడి వాడితే మోదుగ పసుపు నారింజ వైపు పోతుంది. కంగారు పడకండి, ఆఖరి నీళ్లలో నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే చాలావరకు వెనక్కి వస్తుంది. నీడలో, తిరగేసి ఆరేయండి.

పూల పిప్పి, కరక్కాయ మడ్డి ఎరువు గుంతలో వేయొచ్చు. పటిక నీళ్లు మాత్రం కుండీ మొక్కలకు పోయకండి. ఇనుప నీళ్లు ఎప్పుడూ పారబోయొద్దు. వాడినంత మేరకు బెల్లం నీళ్లు పోసి, నాలుగు మేకులు వేసి, మళ్లీ గుడ్డ కట్టి మూలన పెట్టేయండి. దాబా మీద నా కుండకు ఇది మూడో ఏడు.